బాలనటి రోహిణి: తెర మీది పాప తెర వెనుక గొంతైన కథ (చర్చ)

1. కాలవగట్టు

"ఆ పాప ఇప్పుడేం చేస్తోందో తెలుసా" తరహా జాబితాల్లో రోహిణి పేరొస్తే రెండు ముక్కలే ఉంటాయి. చిన్నప్పుడు నటించింది, ఇప్పుడు అమ్మ వేషాలు వేస్తోంది, అంతే. మధ్యలో ఉన్న పెద్ద భాగాన్ని గాలికి వదిలేస్తారు. అసలు పని జరిగింది అక్కడే కాబట్టి ఈ థ్రెడ్.

ముందు ఒక వరస వేస్తాను. అనకాపల్లిలో పుట్టి మద్రాసులో పెరిగారు. 1975లో 'యశోద కృష్ణ'తో బాలనటి. 1982లో మలయాళం 'కక్క'తో పెద్ద పాత్రల్లోకి. 1993లో బాలు మహేంద్ర 'మరుపడియుం'. 1994లో సింగీతం శ్రీనివాసరావు తీసిన 'మగళిర్ మట్టుం', అదే తెలుగులో 'ఆడవాళ్ళకు మాత్రమే'. 1995లో 'స్త్రీ'. 2004లో 'విరుమాండి', 2011లో 'అలా మొదలైంది', 2015లో 'బాహుబలి'లో శివుణ్ణి పెంచిన తల్లి సంగ.

ఈ వరసలో కనబడని పని ఇంకోటుంది: డబ్బింగ్. 1989లో 'గీతాంజలి'లో గిరిజకీ 'శివ'లో అమలకీ మాట ఈవిడదే. 'బొంబాయి'లో మనీషా కొయిరాలా, 'ఇరువర్'లోనూ మళ్ళీ 2010 'రావణన్'లోనూ ఐశ్వర్యా రాయ్. అంటే ఈవిణ్ణి గుర్తుపట్టని ఇళ్ళలో కూడా ఈ గొంతు మోగింది.

నా ఉద్దేశం ఒక్కటే. బాలనటిగా మొదలైనవాళ్ళు పెద్దయ్యాక నిలబడతారా పడిపోతారా అని మనం మొహాన్ని బట్టి లెక్కేస్తున్నాం. రోహిణి విషయంలో లెక్క గొంతుతో వేయాలి. పని తెలిసినవాళ్ళు వివరంగా రాయండి. "నేను ఫలానా హాల్లో చూశాను" జ్ఞాపకాలకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ పెట్టుకుందాం.

2. నలుపుతెలుపు

వయసుల లెక్క ముందు తేల్చుకుంటే మంచిది. 'కక్క' నాటికి రోహిణికి అటూ ఇటూగా పదమూడేళ్ళు. ఇప్పటి కళ్ళకి వింతగా ఉంటుంది గానీ దక్షిణాదిలో అప్పుడది వాడుకే. శ్రీదేవి 1963లో పుట్టారు, 1976లో బాలచందర్ 'మూండ్రు ముడిచ్చు'కి నాయిక. అదీ పదమూడే. మీనా 1976లో పుట్టి 1990లో 'నవయుగం' చేశారు, వెంటనే 1991లో 'సీతారామయ్యగారి మనవరాలు'. బేబీ అనే మాటకీ నాయికకీ మధ్య ఖాళీ ఏళ్ళు ఇచ్చే అలవాటు పరిశ్రమకి లేదు.

ఇచ్చినా ఒక చిక్కుంది. చిన్నప్పుడు ఏ భాషలో పేరొచ్చిందో ఆ భాషలోనే పెద్ద పాత్ర దొరకడం ఆలస్యమవుతుంది. జనానికి పాప మొహమే గుర్తుంటుంది, పంపిణీదారుకి జనం సంగతి గుర్తుంటుంది. అందుకే చాలామంది పక్క భాషలో నాయికగా మొదలుపెట్టారు. రోజారమణి 1967లో ఏవీఎం 'భక్త ప్రహ్లాద'లో ప్రహ్లాదుడు. నాయికగా గుర్తింపు తెచ్చింది 1972 నాటి మలయాళం 'చెంబరత్తి'. అక్కడివాళ్ళకి ఆవిడ 'చెంబరత్తి శోభన', తెలుగు ప్రహ్లాదుడి సంగతి వాళ్ళకి అడ్డు రాలేదు. రోహిణి కూడా మలయాళం గుండానే వచ్చారు.

శ్రీదేవి మినహాయింపు అనొచ్చు. 1972 'బడిపంతులు'లో ఎన్టీఆర్‌కి మనవరాలు, 1979 'వేటగాడు'లో ఆయనకే జోడీ. మధ్యలో ఏడేళ్ళు. కానీ ఆ ఏడేళ్ళలో ఆవిడ తమిళంలో ఎంత పెద్ద పని చేసి వచ్చారో చూడండి. తిన్నగా మనవరాలి గౌను విప్పి వచ్చి నాయిక కాలేదు.

3. లూపుఘడియ

డబ్బింగ్ అనగానే "గొంతు బాగుంటే చాలు" అనుకునేవాళ్ళు ఎక్కువ. గొంతు పావు వంతు. మిగతాది జ్ఞాపకం, చూపు, ఊపిరి.

1980ల మద్రాసు పద్ధతి చెబుతాను. కెమెరా చప్పుడు వల్ల సెట్లో రికార్డయ్యేది పైలట్ ట్రాకే, అది దారి చూపడానికి తప్ప వాడుకోవడానికి పనికిరాదు. ఎడిటింగ్ అయ్యాక ప్రతి సీనునీ చిన్న ముక్కలుగా కోసి, మొదలూ చివరా అతికించి లూపు చేస్తారు. బొమ్మ లూపు ఎంత పొడవో గొంతు రికార్డయ్యే మేగ్నెటిక్ లూపూ అంతే పొడవు. అది ఆగకుండా తిరుగుతూ ఉంటుంది. కళాకారిణి ఒకటి రెండు చుట్లు చూసి, పైలట్ విని, రెండు చుట్లు నోట్లో గొణుక్కుని, తర్వాత టేక్ చెప్పాలి.

లెక్క ఇది. 35 ఎంఎంలో అడుగుకి 16 ఫ్రేములు, సెకనుకి 24 ఫ్రేములు, అంటే నిమిషానికి 90 అడుగులు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాల పైచిలుకు. 40 సెకన్ల లూపు 60 అడుగులు. మాటలు నిండుగా ఉన్న రీల్లో ఇలాంటివి పదహారు దాకా పడతాయి. రెండున్నర గంటల సినిమా 13,500 అడుగులు.

40 సెకన్ల లూపులో 35వ సెకను దగ్గర నాలుక మడతపడితే? మొత్తం మళ్ళీ. ముందు చెప్పిన 35 సెకన్లు ఎంత బాగా వచ్చినా పోయినట్టే. పక్కన ఇంకో కళాకారుడు ఉంటే ఆయన టేకు కూడా పోతుంది. అందుకే లూపు కాలంలో తడబడనివాళ్ళకి గిరాకీ ఎక్కువ, థియేటర్ అద్దె గంటల్లో నడుస్తుంది మరి. తర్వాత రాక్ అండ్ రోల్ అనే రికార్డింగు పద్ధతి వచ్చింది, రీలుని ముందుకీ వెనక్కీ తిప్పి తప్పు దగ్గరే మళ్ళీ చెప్పించొచ్చు. కంప్యూటర్ వచ్చాక ఒక్క మాట విడిగా మార్చడం క్షణాల పని.

ఇక్కడ బాలనటి తర్ఫీదు ఎలా పనికొస్తుందంటే: చదవడం సరిగా రాని వయసులో పిల్లలకి మాటలు చెవిలో పడతాయి, కాగితం మీద కాదు. ప్రాంప్టర్ ఒక్కసారి చెబుతాడు, పిల్ల లయతో సహా పట్టేసి అప్పజెబుతుంది. పదేళ్ళు అలా పెరిగినవాళ్ళకి లూపు కొత్త కాదు. విని, లయ పట్టి, అదే నిడివిలో తిరిగి చెప్పడం వాళ్ళకి మొదటి నుంచీ అదే పని.

4. సందేహాలపుట్ట

లూపుఘడియ గారూ, ఒక చిన్న ప్రశ్న. భాష రాని నటికి ప్రాంప్టింగ్ ఇచ్చి సెట్లో తెలుగే పలికిస్తారు కదా. అలాంటప్పుడు పెదాలు తెలుగువే కదులుతాయి. ఇక డబ్బింగ్ చెప్పేవాళ్ళకి కష్టం ఏముంటుంది?

5. లూపుఘడియ

పెదాలు తెలుగువే, కాలం తెలుగుది కాదండీ.

తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. తెలుగువాళ్ళు వాక్యం చివర ఆ అచ్చుని కొంచెం సాగదీసి నోరు తెరిచే ఆపుతారు. ఇంగ్లీషులోనో హిందీలోనో పెరిగినవాళ్ళు చివర ఠక్కున మూసేస్తారు. "వెళ్తున్నాను" అన్న మాట చివరి "ను" వాళ్ళ నోట సగమే కనిపిస్తుంది. డబ్బింగ్‌లో పూర్తిగా పలికితే మూసిన నోటి మీద మాట పడుతుంది, పలకకపోతే తెలుగు చెడుతుంది. దానికి మందు: చివరి అచ్చుని పలకాలి కానీ ఊపిరితో పలకాలి, గొంతుతో కాదు. వినేవాడికి అందుతుంది, చూసేవాడికి తేడా తెలియదు.

ఇంగ్లండులో పెరిగిన గిరిజకి, అదీ గలగలా మాట్లాడే అల్లరి పాత్రకి చెప్పడం అంటే ఇదే తలనొప్పి సీను సీనుకీ ఉంటుంది. పాత్రేమో తెలుగింటి పిల్ల. మాట జారకూడదు, చివర తెగకూడదు, మళ్ళీ వేగం తగ్గకూడదు.

రెండోది, ఏ అక్షరాలు పట్టుకోవాలి అన్నది. ప, ఫ, బ, భ, మ దగ్గర పెదాలు మూతపడాలి. ఇవి తప్పితే వెనక బెంచీలో ఉన్నవాడికీ తెలుస్తుంది. వ దగ్గర కింది పెదవి పళ్ళకి తగులుతుంది, అది దగ్గరి షాట్‌లో మాత్రమే చూడాలి. క, గ, త, ద, న, ల ఎక్కడ పడ్డా ఎవరూ పట్టించుకోరు. అనుభవం ఉన్నవాళ్ళు లూపు చూస్తున్నప్పుడు మాటలన్నీ చూడరు, పెదాలు మూసుకునే చోట్లు మాత్రం గుర్తుపెట్టుకుంటారు. మధ్యలోది సర్దుకుంటుంది.

ఒక ఫ్రేము అంటే సుమారు 42 మిల్లీసెకన్లు. మాట ఒక ఫ్రేము ఆలస్యమైతే మామూలు కంటికి అందదు. అదే బొమ్మ కన్నా మాట ముందొస్తే వెంటనే ఏదో తేడాగా అనిపిస్తుంది. మేగ్నెటిక్ ఫిల్ముకి ఫ్రేముకి నాలుగు రంధ్రాలు కాబట్టి ఎడిటరు పావు ఫ్రేము చొప్పున జరిపి సర్దగలడు. కానీ మొదలు సరిగా ఉండి మధ్యలో పరుగెత్తిన టేకుని ఎడిటరు కూడా బాగుచేయలేడు. ఒక చివర సర్దితే ఇంకో చివర లేస్తుంది.

6. స్వరపేటిక

గొంతు వైపు నుంచి ఒక మాట. బాలనటుల్లో అబ్బాయిలకీ అమ్మాయిలకీ ఇక్కడే దారులు వేరవుతాయి. యుక్తవయసులో మగపిల్లల శ్రుతి ఇంచుమించు ఒక స్థాయి (ఆక్టేవ్) మొత్తం కిందికి దిగుతుంది. ఆ దిగే నెలల్లో గొంతు ఎప్పుడు పగులుతుందో చెప్పలేం, పాటకీ మాటకీ పనికిరాదు. ఆడపిల్లలకి దిగేది మూడు నాలుగు అరస్వరాలే. కాస్త గాలి కలిసినట్టు, బొంగురుగా ఉండే దశ ఒకటి వాళ్ళకీ ఉంటుంది కానీ పని ఆగిపోయేంత కాదు.

అందుకే పెద్ద గొంతున్న ఆడవాళ్ళు శ్రుతి కొంచెం పెంచి, మాటల మధ్య ఊపిరి ఎక్కువ వదిలి చిన్నపిల్లలకి చెప్పగలరు. మన సినిమాల్లో చాలామంది బుడతల గొంతు ఇలా పెద్దవాళ్ళదే. మోసం బయటపడేది శ్రుతి వల్ల కాదు, శుభ్రత వల్ల. నిజం పిల్లలు వాక్యం మధ్యలో ఊపిరి తీసుకుంటారు, మాట సగంలో మింగుతారు. పెద్దవాళ్ళు అలవాటుకొద్దీ వాక్యం పూర్తిచేసి తీసుకుంటారు. చిన్నప్పుడు నిజంగా ఆ వేషాలు వేసినవాళ్ళకి ఆ ఊపిరి ఎక్కడ పడాలో ఒంట్లో ఉంటుంది.

ఏడుపు సీన్ల సంగతి కూడా చెప్పాలి. వాటిని రోజు చివరికి పెట్టుకోవాలి. ఏడిచాక స్వరతంత్రులు వాచి ఉంటాయి, ఆ తర్వాత చెప్పిన మామూలు మాటలు ముందు రీలుతో కలవవు. అరుపులూ అంతే. తొందరపడి ఉదయాన్నే పతాక సన్నివేశం చెప్పించేస్తే మధ్యాహ్నం సరసాల సీను రాయి మీద గీసినట్టు ఉంటుంది.

7. నలుపుతెలుపు

ఇక్కడ రోజారమణి గారిని మళ్ళీ తేవాలి. బాలనటి, నాయిక, ఆ తర్వాత తెలుగులో ఏళ్ళ తరబడి డబ్బింగ్. రోహిణికి ముందే ఆ దారి ఉంది.

హిందీలో ఇంకా విచిత్రం. 1954 'బూట్ పాలిష్' పాప బేబీ నాజ్ గుర్తుందా? 1955 కాన్ చిత్రోత్సవంలో ప్రత్యేక ప్రస్తావన వచ్చిన పాప. ఆవిడే 1980ల్లో శ్రీదేవి హిందీ సినిమాలకి గొంతు. అంటే తెర మీద ఒక మాజీ బాలనటి, మైకు ముందు ఇంకో మాజీ బాలనటి. శ్రీదేవి హిందీలో సొంతంగా చెప్పుకోవడం 1989 'చాందిని'తో మొదలు.

మూడు భాషల్లో ముగ్గురు ఒకే పని దగ్గరికి చేరడం కాకతాళీయం అనుకోను. మొహం మారింది, వేషాలు తగ్గాయి, చేతిలో ఉన్న విద్య మాత్రం ఎక్కడికీ పోలేదు. దానికి గిరాకీ ఉన్న చోటుకి వెళ్ళారు. దీన్ని "పతనం" అని రాసే సినిమా పేజీలంటే నాకు చిరాకు.

8. రంగులరాట్నం

రఘువరన్‌తో పెళ్ళి విషయం ఎవరూ రాయలేదేంటి? విడిపోవడానికి కారణం...

9. నిర్వాహకులు

8వ పోస్టులో మిగతా భాగం తీసేశాం. 1996లో పెళ్ళి, 2004లో విడిపోవడం, 2008 మార్చిలో రఘువరన్ మరణం, ఇవి అందరికీ తెలిసినవే. అంతకు మించి కారణాలు వెతకడం ఈ థ్రెడ్ పని కాదు. చేసిన పని గురించి రాయండి.

10. కథలపెట్టె

'స్త్రీ' గురించి ఒక్క లైనుతో సరిపెట్టారు కాలవగట్టు గారు. ఆ పేరు పెట్టుకుని కాలవ సినిమాని వదిలేయడం అన్యాయం.

మూలం పాలగుమ్మి పద్మరాజు 'పడవ ప్రయాణం'. రాత్రిపూట కాలవ మీద పడవ. అందులో రంగి, పద్దాలు. వాడు తాగుతాడు, దొంగిలిస్తాడు, కొడతాడు, ఇంకో ఆడదాని దగ్గరికి పోతాడు. దొంగతనానికి రంగి సాయం చేస్తుంది, పట్టుబడేది ఆవిడ, సొమ్ముతో పోయేది వాడు. అంతా తెలిసే చేస్తుంది. కథ మొత్తం దాదాపు రంగి చెప్పే మాటల మీదే నడుస్తుంది.

మలయాళ దర్శకుడు కె.ఎస్. సేతుమాధవన్ తీశారు. అంతకు ముందే ఆయన 'మరుపక్కం' తమిళానికి మొదటిసారి జాతీయ ఉత్తమ చిత్రం అవార్డు తెచ్చింది. 'స్త్రీ' 43వ జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రం, రోహిణికి ప్రత్యేక ప్రస్తావన. పద్దాలుగా తలైవాసల్ విజయ్.

ఈ పాత్రలో కష్టం ఎక్కడుందంటే, రంగి వాణ్ణి తిడుతూ ఉంటుంది, ఆ తిట్టులోనే మురిపెం ఉంటుంది. రెండూ ఒకే వాక్యంలో. నటి తిట్టు వైపు మొగ్గితే "ఇంకా వాడితో ఎందుకుంది?" అనిపిస్తుంది. మురిపెం వైపు మొగ్గితే బుద్ధిలేనిదిలా కనిపిస్తుంది. ఈ పాత్రని మోసేది ముఖం కన్నా ముందు మాట విరుపు. పైగా చీకట్లో, పడవలో, కూర్చునే ఉండాలి. నడక లేదు, చేతులకి పని లేదు.

ఇంకొకటి. 'మగళిర్ మట్టుం'లో పాకీ పని చేసే పాప్పమ్మగా మద్రాసు బస్తీ తమిళం. మరుసటి ఏడాది 'స్త్రీ'లో కాలవగట్టు తెలుగు. 'మరుపడియుం'లో ఇంకొకరి సంసారంలోకి వచ్చిన సినిమా నటి. మూడింట్లో మూడు రకాల యాస, మూడు అంతస్తులు. 1993 నుంచి 1995 దాకా మూడేళ్ళలో ఇంత పని చేసినవాళ్ళని "చిన్నప్పుడు నటించింది" అని రాయడం ఏమిటి!

11. లూపుఘడియ

కథలపెట్టె గారికి ఒక జోడింపు. 'విరుమాండి'లో ఏంజెలా పాత్ర చూడండి. జైల్లో ఖైదీలని అడిగి డాక్యుమెంటరీ తీసే మనిషి. ఒకే సంఘటనని ఇద్దరు రెండు రకాలుగా చెబుతుంటే వినడం ఆవిడ పని. వినే పాత్ర నటుల్ని తేలిగ్గా ముంచేస్తుంది, ఎక్కువ మంది తల ఊపేసి ఊరుకుంటారు. ఎదుటివాళ్ళ పెదాల మీద ఏళ్ళ తరబడి చూపు నిలిపినవాళ్ళకి వినడం ఒక పనిగా వస్తుంది.

12. సందేహాలపుట్ట

ఇంకో సందేహం. 1975లో ఒక చిన్నపిల్ల సినిమాలో చేస్తే డబ్బు ఎవరికి వెళ్ళేది, చట్టం ఏమనేది? ఇప్పుడు ఏముంది?

13. సెక్షన్‌మూడు

1975లో ఉన్నది 1938 నాటి పిల్లల ఉద్యోగాల చట్టం. అది రైల్వేలు, రేవులు, జాబితాలో ఉన్న కొన్ని పనుల వరకే. సినిమా ఊసు అందులో లేదు. ఎన్ని గంటలు, ఏ రాత్రి, ఎంత డబ్బు, అంతా అమ్మానాన్నలకీ నిర్మాతకీ మధ్య మాట. 1986లో బాలకార్మిక చట్టం వచ్చి పాతదాన్ని తీసేసింది. సినిమా పిల్లల గురించి నికరంగా మాట్లాడింది మాత్రం 2016 సవరణ, ఆ తర్వాత 2017 నియమాలు.

2016 సవరణ పద్నాలుగేళ్ళ లోపు పిల్లలతో పని మొత్తం నిషేధించింది. కళాకారులకి మినహాయింపు ఇచ్చింది, సర్కస్‌కి ఇవ్వలేదు. చదువు చెడకూడదన్నది షరతు. నియమం 2సి లో వివరాలు ఇవి:

రోజుకి 5 గంటలు మించకూడదు. విరామం లేకుండా 3 గంటలు మించకూడదు. వరసగా 27 రోజులకి మించి పని చేయించకూడదు. షూటింగు జరిగే జిల్లా మేజిస్ట్రేటు అనుమతి ముందే తీసుకోవాలి. ఫారం సి లో హామీ పత్రం, పిల్లల జాబితా, తల్లిదండ్రుల అంగీకారం, పిల్లల భద్రతకి బాధ్యుడెవరో పేరు, ఇవన్నీ ఇవ్వాలి. ఆ హామీ ఆరు నెలలే చెల్లుతుంది. బాధ్యుడు ఒక్కొక్కరికి అయిదుగురు పిల్లలకి మించి అప్పజెప్పకూడదు. ఆ నిర్మాణం నుంచి పిల్లకి వచ్చే ఆదాయంలో కనీసం 20 శాతం జాతీయం చేసిన బ్యాంకులో పిల్ల పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా నేరుగా వేయాలి, మేజరయ్యాక ఆ డబ్బు పిల్లదే. ఇష్టం లేకుండా ఏ పిల్ల చేతా చేయించకూడదు.

14. కాలవగట్టు

కాగితం మీద బాగానే ఉంది. ఆచరణలో ఎక్కడ జారుతుంది?

15. సెక్షన్‌మూడు

నాలుగు చోట్ల.

అనుమతి జిల్లాకి సంబంధించింది. హైదరాబాదులో తీసుకున్న కాగితం పట్టుకుని అరకులో పాట తీయడానికి వెళ్తే అది అక్కడ పనికిరాదు. ఔట్‌డోర్ షెడ్యూలు మారినప్పుడల్లా మేనేజరు ఇది మర్చిపోతాడు. ఆరు నెలల గడువు కూడా అంతే. ప్యాచ్ వర్కు, అంటే మిగిలిపోయిన ముక్కల షూటింగు, ఎప్పుడో ఎనిమిదో నెలలో వస్తుంది, అప్పటికి హామీ పత్రం కాలం చెల్లి ఉంటుంది.

రెండోది డబ్బు. 20 శాతం దేని మీద అన్నది ఒప్పందంలో రాసిన మొత్తాన్ని బట్టి ఉంటుంది. ఒప్పందం తండ్రి పేరు మీద, పారితోషికంలో కొంత "ఖర్చుల కింద" అని రాసుకుంటే పిల్ల వాటా చిక్కిపోతుంది. తల్లిదండ్రులు చేయాల్సింది: ఒప్పందంలో పిల్ల పేరు, మొత్తం సంఖ్య, 20 శాతం ఏ బ్యాంకు ఏ ఖాతాకి అన్నది మొదటి పేజీలోనే రాయించుకోవడం. డిపాజిట్ రసీదు నకలు చివరి రోజు షూటింగుకి ముందే అడగాలి. ప్యాకప్ చెప్పాక అడిగితే ఆఫీసు ఫోనే ఎత్తదు. మిగిలిన 80 శాతానికి ఈ నియమం కాపలా కాయదు, అది ఇంట్లోవాళ్ళ బుద్ధికి వదిలేసినట్టే.

మూడోది గంటలు. మేకప్‌కి కూర్చోబెట్టిన గంట, వ్యానులో ఎదురుచూసిన రెండు గంటలు లెక్కలో వేయరు. పిల్లకి మాత్రం అలుపు అప్పుడే వస్తుంది. కాల్‌షీట్ రాసేటప్పుడు సెట్లోకి వచ్చిన సమయం నుంచే 5 గంటలు లెక్కేసుకోవడం మంచిది. డబ్బింగ్ రోజుని కూడా పని దినంగానే చూడాలి.

నాలుగోది చదువు. "సెట్లో ట్యూషన్ ఉంది" అంటారు. లైట్లు మార్చే పది నిమిషాల్లో ట్యూషన్ జరగదు.

16. కథలపెట్టె

ఇక్కడికి వచ్చాం కాబట్టి: రోహిణి దర్శకత్వంలో 'సైలెంట్ హ్యూస్' అని సుమారు 50 నిమిషాల డాక్యుమెంటరీ ఉంది. విషయం సినిమాల్లో పనిచేసే పిల్లలే. సెక్షన్‌మూడు గారు చెప్పిన 2017 నియమాల కన్నా ముందే తీసింది. బాలనటిగా మొదలైన మనిషి కెమెరా వెనక్కి వెళ్ళి మళ్ళీ బాలనటుల్నే చూడడం యాదృచ్ఛికం కాదు.

2007 'పచ్చైకిళి ముత్తుచ్చరం'లో ఆవిడ పాట కూడా రాశారు. ఇదీ ఎవరూ రాయరు.

17. రంగులరాట్నం

సరే, సినిమా గురించే అడుగుతాను. ఫలానా సినిమాలో డబ్బింగ్ రోహిణిదే అని ఇంటర్నెట్లో చాలా చోట్ల ఉంటుంది. నమ్మడం ఎలా? పాత సినిమాల టైటిల్సులో డబ్బింగ్ పేర్లు సరిగా ఉండవు కదా.

18. లూపుఘడియ

ఇది అడగాల్సిన ప్రశ్న. చెవితో మాత్రమే తేల్చకండి. మంచి కళాకారిణి పాత్రకి తగ్గట్టు శ్రుతి మారుస్తుంది, పైగా టీవీలో వచ్చే ప్రింట్ల వేగం తేడా వల్ల గొంతు మారినట్టు వినిపిస్తుంది. 24 ఫ్రేముల సినిమాని 25కి తిప్పి టీవీకి ఎక్కిస్తే గొంతు నాలుగు శాతం పైకి లేస్తుంది. దాన్ని విని "ఇది వేరే అమ్మాయి" అని వాదించేవాళ్ళని చాలామందిని చూస్తాం.

పోల్చాలంటే హెడ్‌ఫోన్ పెట్టుకుని మూడు రకాల చోట్లు వినండి: నవ్వు ముగిసే చోటు, కోపంలో మాట మొదలయ్యే చోటు, నిట్టూర్పు. మాటలు అభినయంతో మారతాయి, ఇవి మారడం తక్కువ. స, ష పలకడంలో తేడా కూడా మనిషి గుర్తే. ఆ తర్వాత టైటిల్ కార్డో, ఆ కళాకారిణి స్వయంగా చెప్పిన ఇంటర్వ్యూనో ఒకటి తోడు ఉండాలి. అది లేకుండా జాబితాలో ఎక్కించొద్దు.

ఇంకో పొరపాటు తరచుగా జరుగుతుంది. తమిళంలో చెప్పినవాళ్ళే తెలుగులోనూ చెప్పారని ఊహించేస్తారు. రెండు భాషలకీ థియేటర్ వేరు, తేదీలు వేరు, చాలాసార్లు మనిషీ వేరు. ఒక నటికి ఒక సినిమాలో చెప్పారని తర్వాతి సినిమాకీ రాసేయడం ఇంకోటి.

19. నలుపుతెలుపు

వినాలనుకునేవాళ్ళకి వరస: 'గీతాంజలి', 'శివ' ఒకే వారంలో వినండి. రెండూ 1989వే. ఒకటి మొత్తం అల్లరి, రెండోది కళాశాల అమ్మాయి, తక్కువ మాటలు. బొమ్మ చూడకుండా ఒక్కో సినిమాలో పది నిమిషాలు వింటే పాత్రకి తగ్గట్టు వేగం ఎంత తగ్గించారో, మాటల మధ్య ఖాళీ ఎంత పెంచారో తెలుస్తుంది. తర్వాత 'స్త్రీ'. అందులో మాత్రం బొమ్మ కూడా చూడాలి.

20. కాలవగట్టు

మొదటి పోస్టులో ఉన్న వరసకి 'సైలెంట్ హ్యూస్', పాట సంగతి కలుపుతున్నాను. డబ్బింగ్ జాబితాకి లూపుఘడియ గారు చెప్పిన షరతే పెడదాం: టైటిల్ కార్డు ఫొటో గానీ ఇంటర్వ్యూలో ఆవిడ మాట గానీ, నిమిషం సెకనుతో సహా ఇస్తేనే చేర్చేది. తమిళం, తెలుగు వేర్వేరు గడుల్లో రాయండి.